కాసు ఎత్తు: కోనసీమలో బంగారు నాణేల బరువు మార్పులు, సేకర్తల దృష్టి

వ్యాససంగ్రహం

కోనసీమలో కాసు ఒకప్పుడు నాణెం, ఇప్పుడు ఒక బరువు. ఈ మార్పు వెనుక వరహా, రూపాయి, సవరను అనే మూడు నాణేల తూకాల చరిత్ర ఉంది. నాణెం బరువు తగ్గినా పెరిగినా ప్రభుత్వం దాన్ని ఒక విధంగా, కంసాలి మరొక విధంగా, నాణేల సేకర్త ఇంకొక విధంగా చూశారు. కొక్కెం అతికి పేరులో కూర్చిన సవరనును సేకర్త చెడిన నాణెంగా పక్కన పెడుతున్నాడు. దుకాణం దాన్ని పాత బంగారంగా కరిగిస్తున్నది. ఈ రెండు దృష్టుల నడుమ గోదావరి డెల్టా గ్రామీణార్థిక చరిత్రకు చెందిన ఒక ముఖ్యమైన ఆధారం నశిస్తున్నదని, నాణెపు తరుగుదలనే ఆధారంగా చదవవచ్చని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కాసు, వరహా, సవరను, వట్టం, తరుగుదల, కాసులపేరు, నాణేల సేకరణ, కోనసీమ.

1. ప్రవేశిక

అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో నగల దుకాణానికి వెళ్ళినవారు "రెండు కాసుల గొలుసు", "అరకాసు ఉంగరం" అని అడుగుతారు. ఆ మాటల్లో నాణెం ఏదీ లేదు. కాసు అంటే అక్కడ 8 గ్రాముల బంగారం. తెలంగాణలో ఈ స్థానంలో తులం వినిపిస్తుంది. తులం అసలు బరువు 11.66 గ్రాములు, నేటి వాడుకలో అది 10 గ్రాములు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో గ్రాము అధికారిక కొలత అయింది. పాత మాటలు పోలేదు, గ్రాముకు అనుగుణంగా తమను సర్దుకున్నాయి. ఆ సర్దుబాటులో తులం దాదాపు ఏడో వంతు కోల్పోయింది. కాసు మాత్రం 12 మిల్లీగ్రాములు పెరిగింది. దానికి మూలమైన బ్రిటిష్ సవరను బరువు 7.988 గ్రాములు.

ఇంకా వెనక్కి వెళితే ఈ మాట ప్రయాణం మరింత ఆశ్చర్యకరంగా ఉంటుంది. చెన్నపట్నం కంపెనీ లెక్కల్లో 80 కాసులు ఒక పణం, 42 పణాలు ఒక నక్షత్ర వరహా. అంటే వరహాలో 3,360వ వంతు కాసు. అది రాగి నాణెం. నేటి కాసు బరువు రెండు వరహాల బరువును మించుతుంది. చోళ శాసనాల్లో కాసు బంగారు నాణెంగానే కనిపిస్తుంది కనుక రాగి నుంచి బంగారానికి సరళరేఖలో ఎదిగిందని చెప్పడం పొరపాటు. ఒకే పేరు వేర్వేరు కాలాల్లో వేర్వేరు లోహాలకూ బరువులకూ అతుక్కున్నదనడం సబబు.

నాణెం బరువులో మార్పును నాణకశాస్త్ర గ్రంథాలు సాధారణంగా రాజ్యాల ఆర్థిక స్థితికి సూచికగా చర్చిస్తాయి. దాచుకున్నవాడి వైపు నుంచి ఆ మార్పును చూసిన రచనలు తక్కువ. ఈ వ్యాసం ఆ వైపు నుంచి చూసే ప్రయత్నం.

2. వరహా: నిలిచిన బరువు, జారిన వన్నె

రాజమహేంద్రవరం నుంచి పాలించిన తూర్పు చాళుక్యుల్లో శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల బంగారు నాణేలు లభించాయి. వెడల్పైన పలుచని రేకులవి. నడుమ వరాహ లాంఛనం, చుట్టూ విడివిడిగా కొట్టిన అక్షర ముద్రలు, పాలనా సంవత్సరం ఉంటాయి. వీటిలో కొన్ని అరకాన్ తీరంలోని చెదూబా ద్వీపంలోను, సయాంలోను దొరకడం గోదావరి ముఖద్వారపు సముద్ర వర్తకానికి నిదర్శనం. ద్రాక్షారామ పరిసరాల్లోని దానశాసనాల్లో మాడలు రాజుల పేర్లతోను, బిరుదాలతోను కనిపిస్తాయి: రాజరాజమాడ, బిరుదుమాడ, గండమాడ మొదలైనవి. అఖండ దీపానికి ఇచ్చిన సొమ్ము ఏ మాడల్లో ఇచ్చారో చెప్పవలసి రావడమే, అన్ని మాడలూ ఒకటి కావన్న ఎరుక ఆనాటి దాతకూ దేవాలయానికీ ఉన్నదనడానికి గుర్తు. దానం ఆచంద్రార్కం నడవాలి; నాణెం బరువు గాని, వన్నె గాని మధ్యలో మారితే దీపం కొడిగడుతుంది. నాణెం పేరు అక్కడ ఒక హామీ పత్రం.

విజయనగర కాలం నుంచి 19వ శతాబ్ది ఆరంభం వరకు దక్షిణాదిలో వరహా బరువు దాదాపు 3.4 గ్రాముల వద్దే నిలిచింది. రాజవంశాలు మారాయి, ముఖం మీది దేవతలు మారారు, తూకం మారలేదు. మారింది వన్నె. విజయనగర వరహా మేలిమికి దగ్గరగా ఉండగా, చివరి దశలో చెన్నపట్నం నక్షత్ర వరహాలో బంగారం అయిదింట నాలుగు వంతులకు అటూ ఇటూగా మిగిలింది. బరువు త్రాసులో అందరికీ కనిపిస్తుంది, వన్నె గీటురాయి చేతిలో ఉన్నవాడికే కనిపిస్తుంది. కనుక నాణెం కొట్టించేవాడు బరువును కాపాడి వన్నెను తగ్గించడంలో వింత లేదు. షరాబు వృత్తి నిలబడింది ఈ తేడా మీదనే.

గోల్కొండ రాజ్యంలో పర్యటించిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ 17వ శతాబ్దిలో పాత వరహాలు, కొత్త వరహాలు అనే భేదాన్ని గమనించాడు. బరువులోను, మేలిమిలోను రెండూ సమానమే అయినా పాత వరహాకు ఎక్కువ విలువ పలికేదని, పాతవాటిని కరిగిస్తే దేశానికి అరిష్టమని జనం నమ్మేవారని, కరిగించకుండా ఉండేందుకు షరాబులు రాజుకు ఏటా సొమ్ము చెల్లించేవారని అతని కథనం. జనుల మూఢవిశ్వాసంగా అతడు దీన్ని వివరించాడు. ఆ వివరణ పాక్షికమని నా అభిప్రాయం. షరాబులు ఏటా సొమ్ము కట్టి ఒక విశ్వాసాన్ని నిలబెట్టారంటే, వారికి అందులో లాభం ఉండాలి. రెండు రకాల నాణేలు చెలామణిలో ఉన్నంత కాలం వాటి మధ్య వట్టం ఉంటుంది, వట్టం ఉన్నంత కాలం షరాబుకు పని ఉంటుంది. అయినా, దాచుకునేవాడి వైపు నుంచి చూస్తే ఆ నమ్మకంలో వివేకం లేకపోలేదు. తరతరాలుగా చేతులు మారి, ఎన్నోసార్లు గీటురాయి మీద నిలిచిన నాణెం కన్నా నిన్న టంకశాల నుంచి వచ్చిన నాణేన్ని ఎక్కువ నమ్మాల్సిన పని లేదు. నేటి సేకర్త పాత ముద్రకు అధిక మూల్యం చెల్లించడాన్ని ఆధునిక అభిరుచిగా భావిస్తాం. బరువు ఒకటే అయినా ముఖాన్ని బట్టి ధర మారడం తెలుగు నేలకు 17వ శతాబ్దిలోనే తెలుసు.

కోనసీమ ఈ వ్యవహారానికి దూరంగా లేదు. ఉత్తర సరిహద్దున యానాంలో ఫ్రెంచివారు, వసిష్ఠకు ఆవల పాలకొల్లులో డచ్చివారు, నరసాపురం పక్కన మాధవాయిపాలెంలోను, ఇంజరంలోను, అమలాపురం సమీపంలోని బెండమూర్లంకలోను ఆంగ్లేయులు వర్తక స్థావరాలు నడిపారు. 1757లో బుస్సీ ఈ మూడు ఆంగ్ల స్థావరాలనూ పట్టుకున్నాడు. ఈ స్థావరాలకు ప్రాణం నేతబట్ట. బట్టకు బయానా వరహాల్లో లెక్క కట్టేవారు; నేతగాడి ఇంట్లో ఖర్చు పణాల్లో, కాసుల్లో నడిచేది. పెద్ద నాణెం చిన్న నాణెంగా మారే ప్రతి మెట్టులో వట్టం కోత ఉంటుంది. బరువు తక్కువ వరహా చేతిలో పడినవాడికి ఆ కోత మరింత పెరుగుతుంది. నాణెపు తూకం గురించిన అభిప్రాయం ఆనాడు తీరిక ఉన్నవారి ఆసక్తి కాదు, పూట గడిచే విషయం.

సేకర్త అనే మనిషి ఈ రంగంలోకి 19వ శతాబ్దిలో వచ్చాడు. ఉత్తర సర్కారులకు 1845 నుంచి 1854 వరకు కమిషనరుగా ఉన్న వాల్టర్ ఎలియట్ దక్షిణ భారత నాణేలను సేకరించాడు. ఆయన గ్రంథం 1886లో వెలువడింది. మద్రాసు మ్యూజియం అధికారి జార్జి బీడీ 1883లో వరహాల గురించి ప్రత్యేకంగా రాశాడు. ఎలియట్ దృష్టిలో నాణెం బరువుకు మూలం గింజ. గురిగింజ, మంజాడి, కళంజు అనే గింజల ఎత్తుల నుంచి నాణేల తూకాలు పుట్టాయని ఆయన పరిశీలన. గింజ గింజకూ బరువు తేడా ఉంటుంది కాబట్టి ఒక నాణెం బరువుతో ఏమీ తేలదు. ఎక్కువ నాణేలు తూచి సగటు చూడాలి. ఈ పద్ధతి మనకు చాలా మేలు చేసింది. అయితే దానితోపాటు ఒక అలవాటునూ ఇచ్చింది. సగటును చెడగొట్టే అరిగిన నాణెం, కొక్కెం అతికిన నాణెం, చిల్లు పడిన నాణెం లెక్కకు పనికిరానివి అయ్యాయి. సేకర్త వెతికేది టంకశాల నుంచి బయటికి వచ్చిన క్షణంలోని బరువు. ఆ తర్వాత నాణెం గడిపిన జీవితం అతని దృష్టిలో నష్టం.

3. రూపాయి ఎత్తు

1818లో మద్రాసు ప్రభుత్వం వరహాను దించి రూపాయిని ప్రమాణ నాణెం చేసింది. వరహాకు మూడున్నర రూపాయలు. ఆ మద్రాసు రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అందులో 165 గ్రెయిన్లు శుద్ధమైన వెండి. 1835లో కంపెనీ భారతమంతటికీ ఒకే రూపాయిని తెచ్చినప్పుడు ఈ తూకమే ప్రమాణమైంది. 1833 నాటి బెంగాల్ నిబంధన తులాన్నీ 180 గ్రెయిన్లుగానే స్థిరపరచింది. అలా నాణెమే తూకపురాయి అయింది. కంసాలి త్రాసులో ఒక పళ్ళెంలో రూపాయి వేసి రెండో పళ్ళెంలో బంగారం తూచిన కాలం నుంచే "రూపాయెత్తు" అన్న మాట వచ్చింది.

తూకపురాయిగా వాడే నాణెం అరిగితే అమ్మేవాడికి లాభం. చట్టానికి ఈ ఎరుక ఉంది. 1906 నాణేల చట్టం ప్రకారం బరువులో నూటికి రెండు వంతులకు మించి తరిగిన రూపాయి, రూపు చెడిన రూపాయి చట్టబద్ధ చెల్లుబాటు కోల్పోయేవి. కాని వెండి రూపాయికి అసలు దెబ్బ అరుగుదల వల్ల తగలలేదు. 1940లో ప్రభుత్వం బరువును 180 గ్రెయిన్ల వద్దే ఉంచి వెండిని నూటికి 50 వంతులకు తగ్గించింది. త్రాసు ఈ తేడాను పట్టుకోలేదు. రాతి మీద మోగించి విన్న చెవి పట్టుకున్నది. విక్టోరియా రూపాయలను ప్రభుత్వం వెనక్కి పిలిచినా వాటిలో ఎన్నో ఇళ్ళలో ఆగిపోయాయి. వరహా కథే ఇక్కడ మరో లోహంలో జరిగింది.

4. సవరను కాసుగా మారిన తీరు

సవరను 1817 నుంచి నేటి రూపంలో ఉంది. 22 క్యారెట్ల బంగారం, 7.98805 గ్రాముల మొత్తం బరువు, అందులో 7.322 గ్రాముల శుద్ధమైన బంగారం, 22.05 మిల్లీమీటర్ల వ్యాసం. రెండు శతాబ్దాల్లో ఈ ప్రమాణం మారలేదు. బరువు మారని బంగారు నాణేలు ప్రపంచంలో అరుదు. దాచుకునేవాడికి కావలసింది ఇదే.

1893లో భారత టంకశాలలు ప్రజల వెండిని నాణెంగా కొట్టడం మానేశాయి. 1899లో సవరను 15 రూపాయల రేటుకు చట్టబద్ధ చెల్లుబాటు పొందింది. ఇంగ్లండు నుంచే కాక సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్ టంకశాలల నుంచి కూడా సవరన్లు వచ్చాయి. ఇదే కాలానికి గోదావరి డెల్టా ముఖచిత్రం మారింది. 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. గన్నవరం అక్విడక్టు మీదుగా నీరు వైనతేయను దాటి రాజోలు లంకలకు చేరింది. వరి, కొబ్బరి చేతికి నగదు తెచ్చాయి. భూమి కొనడానికి మించి మిగిలిన నగదు బంగారమైంది. ఆ బంగారాన్ని నాణెం రూపంలో కొంటే వన్నె గురించి కంసాలిని అడిగే పని లేదు. ముఖం చూస్తే చాలు. అలా సవరను కాసులపేరులోకి వచ్చింది. అంతకు ముందు పేరులో ఉన్నవి లక్ష్మీదేవి ముద్రతో కంసాలి కొట్టిన పలుచని కాసులు. ఆ స్థానంలోకి విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జిల తలలు రావడాన్ని పాలకుల పట్ల భక్తిగా చదవడం హాస్యాస్పదం. లక్ష్మి ముద్రకు కంసాలి పూచీ, రాజు తలకు టంకశాల పూచీ. ఆ ఇల్లు ఎంచుకున్నది పూచీనే.

ఈ సంపద అందరిదీ కాదని కూడా చెప్పుకోవాలి. కోనసీమలో పొలం పని చేసి ధాన్యంలో కూలి తీసుకున్న కుటుంబాలకు, అందులోను దళిత కుటుంబాలకు, కాసులపేరు భూస్వాముల ఇంటి పెళ్ళిలో కనిపించే వస్తువు. వారిలో చాలామంది చేతికి బంగారం 20వ శతాబ్ది చివర గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళిన స్త్రీల కష్టంతో వచ్చింది. అప్పటికి కాసు పూర్తిగా బరువే. ఆ ఇళ్ళలో నాణెం దశ అసలు లేదు. ఒకే మాటకు ఒకే ఊళ్ళో రెండు చరిత్రలున్నాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో నాణేల కొరత వచ్చినప్పుడు 1918లో బొంబాయిలో రెండు బంగారు నాణేలు కొట్టారు. ఒకటి 15 రూపాయల మొహరు, రెండోది సవరను. రెండింటి బరువూ వన్నే ఒకటే. బొంబాయి సవరను మీద సంవత్సరం అంకెల పైన ఐ అక్షరం ఉంటుంది. సుమారు 13 లక్షలు తయారయ్యాయి. 1920లో సవరను చట్టబద్ధ విలువను 15 నుంచి 10 రూపాయలకు మార్చారు. 1927 కరెన్సీ చట్టంతో దాని చెల్లుబాటు ముగిసింది. మొహరు మీద పదిహేను రూపాయలని రాసి ఉన్న అక్షరాలు రెండేళ్ళకే అర్థం కోల్పోయాయి. నాణెం బరువు మాత్రం 7.988 గ్రాములే. ప్రభుత్వం చెప్పిన అంకెను కాక త్రాసు చెప్పిన అంకెను నమ్మాలన్న పాఠం ఈ అనుభవంలో ఉంది. 1931లో బ్రిటన్ బంగారు ప్రమాణం వదిలాక, ధాన్యం ధరలు కూలిపోయిన ఆ సంవత్సరాల్లో, దేశం నుంచి పెద్ద ఎత్తున బంగారం బయటికి పోయింది. నేడు పాత పేర్లలో మిగిలినవి ఆ అమ్మకాలను తప్పించుకున్న కాసులు. సవరను చేతికి అందడం తగ్గిన కొద్దీ పేరు మిగిలి, నాణెం పోయి, 8 గ్రాముల అంకె దాని స్థానంలో కూర్చుంది.

5. సేకర్తల దృష్టి

నేటి సేకర్తల్లో బరువు మార్పు గురించి ఒకే అభిప్రాయం లేదు. రెండు అంతర్జాతీయ ఉదాహరణలు ఈ భేదాన్ని స్పష్టం చేస్తాయి. చైనా పాండా బంగారు నాణెం 1982 నుంచి ఔన్సుల్లో వచ్చేది. 2016లో దాన్ని గ్రాముల్లోకి మార్చారు. ఔన్సు నాణెం 31.10 గ్రాముల నుంచి 30 గ్రాములకు దిగింది. బ్రిటన్ బ్రిటానియా నాణెం 22 క్యారెట్లలో 34.05 గ్రాములు తూగేది. 2013లో 24 క్యారెట్లకు మారి ఔన్సు బరువుకు తగ్గింది. రెండింటిలోను త్రాసు ముల్లు కిందికి దిగింది. పాండాలో బంగారం నూటికి మూడున్నర వంతులు తగ్గింది, బ్రిటానియాలో ఏమీ తగ్గలేదు. వరుస క్రమంలో సంవత్సరానికొకటి కూర్చుకునే సేకర్తకు రెండు మార్పులూ వరుసను తెంచేవే. బంగారం కోసం కొనేవాడికి మొదటిదే మార్పు, రెండోది మార్పే కాదు. తూకం మారిందన్న వాక్యానికి, మొత్తం బరువా, శుద్ధ బంగారపు బరువా అని అడగకుండా అర్థం లేదు. వరహా నుంచి 1940 రూపాయి దాకా మన అనుభవం చెప్పేదీ ఇదే.

సవరను సేకర్త బరువును ముందుగా పరీక్షగా వాడతాడు. 7.98 దగ్గర ఉంటే సరే, లేకుంటే అనుమానం. ఈ పరీక్షకు పరిమితి ఉంది. 1950ల, 60ల కాలంలో బీరూట్‌లో తయారైన నకిలీ సవరన్లలో చాలావాటికి బరువూ వన్నే సరిగ్గానే ఉన్నాయి. పట్టిచ్చినది అచ్చు నాణ్యత, కొన్నిటిలో పొసగని సంవత్సరాలు. మన కంసాలులూ రాజు తల అచ్చుతో కాసులు కొట్టారు. సేకర్తకు అది నకిలీ. పెళ్ళికూతురి తల్లికి అది మంచి కాసే, బంగారం మంచిదైతే.

ఇద్దరి మధ్య నిజమైన విభేదం కొక్కెం దగ్గర వస్తుంది. పేరులో కూర్చడానికి నాణెం అంచుకు చిన్న కొక్కెం పెట్టి టంకం వేస్తారు. ఆ వేడికి అంచు మీది గీట్లు కొంత కరుగుతాయి, ఉపరితలం మారుతుంది, బరువు స్వల్పంగా పెరుగుతుంది. సేకర్తల విపణిలో ఇలాంటి నాణెం ధర లోహం ధరకు దిగిపోతుంది. అరుదైన సంవత్సరమైనా పెద్దగా కోలుకోదు. తెలుగు నుడికారం సేకర్త పక్షమే వహించినట్టు కనిపిస్తుంది. "చిల్లికాసు" అంటే విలువ లేనిది. 1943 తర్వాత ప్రభుత్వమే లోహం ఆదా కోసం నడుమ చిల్లుతో కానీలు తెచ్చినప్పుడు ఈ నుడికారం కొంత ఇరుకున పడి ఉంటుంది! అయితే కాసులపేరు చేసినవారు నాణేన్ని చిల్లు పొడవలేదు, అతికారు. చిల్లు పొడిస్తే బంగారం పోతుంది, టంకం వేస్తే చేరుతుంది. నాణెపు ముఖాన్ని చెరపకుండా, బరువు తగ్గకుండా నగగా మార్చే పద్ధతి అది. అవసరమైతే విప్పి మళ్ళీ నాణెంగా అమ్ముకోవచ్చన్న ముందుచూపు అందులో ఉంది. సేకర్త దీన్ని గాయంగా చూడడం అతని శాస్త్రానికి సరిపోవచ్చు, చరిత్రకారుడికి సరిపోదు.

1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళు దాటిన నాణేలను పురావస్తువులుగా గుర్తిస్తుంది. 1918 బొంబాయి సవరను ఆ వయసు దాటింది. ఆ చట్టం చూపు ప్రధానంగా ఎగుమతి మీద. నగ మార్పిడి కోసం దుకాణానికి తెచ్చిన పేరు కొలిమిలోకి పోవడాన్ని అడిగేవారు లేరు. బంగారం ధర పెరిగిన కొద్దీ, ముఖానికీ లోహానికీ మధ్య ధర తేడా తగ్గి, కరిగించడానికి సంకోచం కూడా తగ్గుతున్నది.

6. అరుగుదలను చదవడం

1868లో ఆర్థికవేత్త జెవన్స్ ఇంగ్లండులో చెలామణిలో ఉన్న బంగారు నాణేలను పరిశీలించి, సవరను ఏడాదికి సగటున 0.043 గ్రెయిను, అంటే సుమారు 2.8 మిల్లీగ్రాములు అరుగుతుందని లెక్క వేశాడు. సవరను పూర్తి బరువు 123.274 గ్రెయిన్లు, చెల్లుబాటుకు కనీస బరువు 122.5 గ్రెయిన్లు, అంటే 7.938 గ్రాములు. ఈ రెండింటి మధ్య దూరం అరగడానికి జెవన్స్ రేటున దాదాపు 18 ఏళ్ళు పడుతుంది. ఈ అంకెలు ఇంగ్లండు జేబులవి. పేరులో ఉన్న కాసు పెళ్ళికీ పండగకూ మాత్రమే బయటికి వస్తుంది. దాని అరుగుదల వేరు. సరిగ్గా ఆ వేరుతనమే మనకు ఉపయోగం.

ఒక పేరులో 1902 నాటి కాసు కొక్కెం మినహా 7.98 గ్రాములు తూగితే, అది చేతులు మారకుండా సంచిలోంచి నేరుగా కంసాలి వద్దకు వచ్చిందని ఊహించవచ్చు. పక్కనే 1870ల కాసు 7.93కి దిగితే, అది చాలాకాలం డబ్బుగా తిరిగి తర్వాత నగ అయింది. ఒకే పేరులోని నాణేల్లో అన్నిటికన్నా కొత్త సంవత్సరం ఏదో అంతకు ముందు ఆ పేరు పూర్తి కాలేదు. ఎస్, ఎమ్, పి, ఐ గుర్తులు ఏ టంకశాల బంగారం ఎప్పుడు ఈ తీరానికి చేరిందో చెబుతాయి. అరుగుదల ఎక్కడ ఉన్నదన్నదీ ముఖ్యమే. చెలామణిలో అరిగిన నాణెం అన్ని వైపులా సమంగా, ముఖ్యంగా ఎత్తైన చోట్ల, అంటే చెంప మీద, గుర్రం తొడ మీద అరుగుతుంది. పేరులో అరిగినది ఒకదానికొకటి ఒరుసుకునే పక్క అంచుల్లోను, ఒంటికి తగిలే వెనుక వైపునా అరుగుతుంది. మొదటి రకం అరుగుదల విపణి చరిత్ర, రెండోది ఇంటి చరిత్ర. సేకర్తల శ్రేణీకరణలో రెండూ ఒకే తరగతి లోపాలు.

108 కాసుల పేరును తీసుకుందాం. ప్రతి కాసూ కనీస చెల్లుబాటు బరువుకు దిగిందనుకుంటే, 8 గ్రాముల లెక్కకూ అసలు తూకానికీ తేడా 6.7 గ్రాములు. దాదాపు ఒక కాసు మాయం. కొక్కేల బరువు ఈ లోటును పూడ్చవచ్చు, మించనూ వచ్చు. కొక్కెంలోని టంకం వన్నె నాణెపు వన్నె కాదు కాబట్టి అక్కడ మళ్ళీ పాత వరహా సమస్యే ఎదురవుతుంది. ఆడపిల్లలకు కాసులు పంచేటప్పుడు లెక్క ప్రకారం పంచాలా, తూకం ప్రకారం పంచాలా అన్నది కుటుంబాల్లో నిజమైన ప్రశ్న. లెక్క ప్రకారం పంచితే అరిగిన కాసు వచ్చినవారికి నష్టం. తూకం ప్రకారం పంచితే ఏదో ఒక కాసును కొయ్యాలి.

పద్ధతి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. కొక్కెంతో సహా తూచిన బరువును నాణెం బరువుగా నమోదు చేయకూడదు. ఒకే కంసాలి ఒకే పేరుకు పెట్టిన కొక్కేలు దాదాపు సమానంగా ఉంటాయి. విప్పిన ఒక కొక్కెం దొరికితే దాన్ని విడిగా తూచి మిగతావాటికి అన్వయించవచ్చు. విప్పడం కుదరనప్పుడు మొత్తం బరువుతోపాటు వ్యాసాన్ని, అంచు మందాన్ని కొలవాలి. ఇప్పటి దుకాణాల్లో మిల్లీగ్రాము వరకు చూపే త్రాసు, వన్నె చూపే యంత్రం రెండూ ఉన్నాయి. లేనిది నమోదు పుస్తకం.

ఆ పుస్తకంలో యజమాని పేరు అక్కరలేదు, ఉండకూడదు కూడా. బంగారం ఉన్న ఇంటి వివరం బయటికి వస్తుందన్న భయంతోనే చాలామంది పరిశోధకులకు పెట్టె తెరవరు. సంవత్సరం, టంకశాల గుర్తు, కొక్కెంతో బరువు, కొక్కెం లేని బరువు, వ్యాసం, అరుగుదల ఉన్న చోటు, రెండు వైపుల ఛాయాచిత్రం, పేరు ఏ తాలూకాలోది: ఒక్కో కాసుకు ఈ ఎనిమిది వివరాలు చాలు. అమలాపురం కళాశాలల చరిత్ర విభాగాల విద్యార్థులు దుకాణదారుల సహకారంతో, కరిగించే ముందు రోజున, ఈ పని చేయవచ్చు. నమోదుల ప్రతిని రాజమహేంద్రవరంలోని రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియంలో, తూర్పు చాళుక్యుల నుంచి మొదలయ్యే ఆ ప్రాంతపు నాణేల చరిత్ర పక్కన ఉంచవచ్చు. మార్పిడికి వచ్చే పేర్లు పెళ్ళిళ్ళ నెలల్లో ఎక్కువ. కాబట్టి పని మొదలుపెట్టవలసింది మాఘమాసానికి ముందు.